మొహం పడని ఫొటోలు

మా బావగారి ఫొటోలు నా దగ్గర వందల్లో ఉన్నాయి. ఒక్కదాంట్లో కూడా ఆయన మొహం లేదు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. ఫొటోలు తీసి బతికేవాడివి, సొంత అక్క మొగుడి మొహం ఒక్కసారైనా తియ్యకుండా ఎలా ఉన్నావయ్యా అంటారు. ఎలా ఉన్నానో చెప్పాలంటే కొల్లేట్లో తెల్లారడం గురించి చెప్పాలి. అక్కడి మగాళ్ళు దోనె ఎలా ఎక్కుతారో కూడా చెప్పాలి.

నాకు తాడేపల్లిగూడెంలో చిన్న స్టూడియో ఉంది. మందుల షాపుకీ టిఫిన్ హోటలుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. పాస్‌పోర్టు సైజులు, ఓణీల ఫంక్షన్లు, అప్పుడప్పుడూ ఓ పెళ్ళి. ఇప్పుడు పెళ్ళిళ్ళకి డ్రోన్లు వేసుకుని హైదరాబాదు నుంచి దిగుతున్నారు కాబట్టి ఆ బేరం పల్చబడింది. దినం ఫొటోల బేరం మాత్రం ఎప్పుడూ తగ్గలేదు. ఏ పెళ్ళి గ్రూపు ఫొటోలోనో వెనక వరసలో నిలబడ్డ ముసలాయన్ని వేలితో చూపించి, "ఈయన్నండీ, పెద్దది చెయ్యాలండీ, ఎల్లుండే పెద్దకార్యమండీ" అంటారు. పక్కవాళ్ళ భుజాలు కోసేసి, వెనకాల నీలం రంగు పెట్టి, చొక్కా లేకపోతే చొక్కా తొడిగి ఇస్తాను. బతికినన్నాళ్ళూ బనీను దాటని మనిషికి కోటూ టై కట్టిన రోజులున్నాయి. ఫ్రేము చేతికి తీసుకుని, "అచ్చం అలాగే ఉన్నాడండీ" అని కౌంటరు దగ్గరే ఏడుస్తారు. ఆ ఏడుపు చూసి నా పని బాగా చేశాననుకునేవాణ్ణి.

అందరికీ శకునం చెప్పే బల్లి తను పోయి కుడితిలో పడిందంటారు. ఆ బల్లిని నేనే.

మా అక్కని కొల్లేటి లంక ఊళ్ళో ఇచ్చారు. మా నాన్న గూడెంలో రైసు మిల్లులో పనిచేసేవాడు. ఊక దుమ్ములో పెరిగిన పిల్లని తీసుకెళ్ళి నీళ్ళ మధ్య పెట్టారు. మొదట్లో పుట్టింటికొచ్చినప్పుడల్లా, "అక్కడ రాత్రిపూట కూడా నేల కదుల్తున్నట్టుంటుందే అమ్మా" అనేది. తర్వాత తర్వాత గూడెంలో రెండు రోజులుంటే నిద్ర పట్టట్లేదని వెళ్ళిపోయేది. పిల్లలు పుట్టలేదు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరే. ఒకళ్ళకొకళ్ళు సరిపోయారని మా అమ్మ అనేది, అనేటప్పుడు దిగులుగానే అనేది గానీ మాట మాత్రం నిజం.

ఆ ఊరికి మూడు వైపులా చేపల చెరువులే. గట్లు, కరెంటు స్తంభాలు, మేత బస్తాలు మోసుకొచ్చే ట్రాక్టర్లు. తూర్పున మాత్రం కాస్త కొల్లేరు మిగిలింది. మిగిలిందనే అనాలి, ఉంది అనడానికి నోరు రాదు. గుర్రపుడెక్క ఒక పక్క, కిక్కిస గడ్డి ఒక పక్క మూసుకుంటూ వస్తుంటే మధ్యలో దోనెలు పోవడానికి నీటి బాట ఒకటి ఉంటుంది. ఆ బాట నేరుగా తూర్పుకి పోతుంది. అంటే నేరుగా సూర్యుడిలోకి.

ఫొటోలు తీసేవాళ్ళకి తెల్లారుగట్ల నీళ్ళు కనబడితే పూనకం వస్తుంది. నాకూ వచ్చింది. చలికాలం శనివారాలు షాపు కట్టేసి, బండేసుకుని ఏలూరు మీదుగా అక్క ఊరు చేరేవాణ్ణి. అక్క జెల్ల చేపల పులుసు పెట్టేది. తిని పడుకుని, కోడి కూయకముందే లేచి కెమెరా మెళ్ళో వేసుకుని రేవులో కూర్చునేవాణ్ణి. "మా పిచ్చోడొచ్చాడు" అని ఊళ్ళోవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. పిచ్చోణ్ణే. మంచు నీళ్ళ మీద పాలమీగడలా కదులుతుంటే, కిక్కిసలోంచి కొంగలు లేస్తుంటే, ఆకాశం బూడిదరంగులోంచి దానిమ్మగింజ రంగులోకి తిరుగుతుంటే, రెండుపూటలా దినం ఫొటోలకి కోట్లు తొడిగేవాడికి పిచ్చెక్కదా?

సరిగ్గా ఆ వేళకి మగాళ్ళు గడలు భుజాన వేసుకుని రేవుకి దిగేవాళ్ళు. రాత్రి నీళ్ళలో వదిలిన వెదురు మావులు ఎత్తి, వాటిలో పడ్డ చేపలు తెచ్చుకోవడం వాళ్ళ పని. ఎవరూ మాట్లాడరు. దోనె తాడు విప్పడం, తాటిమొద్దు దోనెలోకి ఒక కాలు పెట్టడం, గడ గుచ్చి ఒడ్డుని వెనక్కి తోసెయ్యడం. వెనక కొసన నిలబడి గడ వేసుకుంటూ తూర్పుకి సాగిపోవడం. ఒకసారి దోనె కదిలిందంటే వెనక్కి తిరిగి చూడరు. ఒడ్డున ఉన్నవాళ్ళు వెనకనుంచి పిలవరు. వెనక పిలుపు మంచిది కాదని అన్ని ఊళ్ళలోనూ అంటారు గానీ ఆ ఊళ్ళో అది మాట వరసకి అనేది కాదు. తాళంచెవి మర్చిపోయినా, చుట్ట మర్చిపోయినా, అన్నం గిన్నె మర్చిపోయినా పిలవరు. ఎవరైనా పొరపాటున పిలిస్తే ఆ మనిషి దోనె వెనక్కి తెచ్చి, ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని కూర్చుని, మంచినీళ్ళు తాగి, కాసేపాగి మళ్ళీ బయల్దేరాలి. చాలామంది ఆ పూటకి పోవడమే మానేస్తారు.

అందుకని నేను ఎప్పుడూ బావగారిని పిలవలేదు. రేవులో కూర్చుని ఆయన వీపు తీశాను. ఎదర ఎర్రగా లేస్తున్న సూర్యుడు, ఆ వెలుగులో నల్లగా ఒక మనిషి, చేతిలో గడ, కింద నీళ్ళలో తలకిందులుగా అదే మనిషి. ఆ మనిషి నల్లగా రావాలి, అదే అందం. వెలుగు లెక్కకట్టి కెమెరాని అలా పెట్టేది నేనే. ఏళ్ళ తరబడి అదే ఫొటో తీశాను. మంచు మారేది, మబ్బు మారేది, వీపు మారేది కాదు. ఎక్కే సూర్యుడితోపాటు ఫొటో అందం పోయేది. నేను కెమెరా సంచిలో పెట్టుకుని గూడెం బయల్దేరేవాణ్ణి, ఆదివారం పొద్దున పాస్‌పోర్టు ఫొటోలకి పిల్లలొస్తారు కదా. వాళ్ళు పొద్దు పడమటికి వాలాక తిరిగొచ్చేవాళ్ళు. ఎండ మొహం మీద పడుతూ, తలపాగాలు విప్పుకుంటూ, చేపల బుట్టలతో ఈ ఒడ్డుకి తిరిగి ఎదురుగా వచ్చేవాళ్ళు. ఆ వెలుగు పనికిరాదని నా చదువు. ఆ పనికిరాని వెలుగులో బావగారు ఎలా వచ్చేవారో నేను ఎన్నడూ చూడలేదు.

ఇంట్లో తియ్యొచ్చు కదా అంటారా? కెమెరా ఆయన వైపు తిప్పితే చాలు, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకునేవారు. "మీ అక్కని తియ్యవోయ్, చూడచక్కని మనిషి. నాదేవుంది, రోజూ చూసే మొహవేగా" అనేవారు. నిజమే కదా అనుకునేవాణ్ణి. రోజూ చూసే మొహాన్ని ఎవడు ఫొటో తీస్తాడు?

ఒక ఏడు గూడెంలో ఎరువుల కొట్టాయన నా ఫొటో ఒకటి కేలండర్‌కి వేయించాడు. దాన్ని నేను మహా గర్వంగా తీసుకెళ్ళి అక్క ఇంట్లో గోడకి కొట్టాను. బావగారు వచ్చి దాని ముందు నిలబడి, దగ్గరికెళ్ళి చూసి, దూరం జరిగి చూసి, "ఇందులో నేనెక్కడున్నానోయ్?" అన్నారు.

"అదిగో బావగారూ, ఆ నల్లగా ఉన్నది మీరేనండీ."

"నల్లగా ఉంటానని తెలుసు గానీ మరీ ఇంతనుకోలేదు" అన్నారు. అక్క పడీపడీ నవ్వింది. ఆ తర్వాత వంటింట్లోకి వచ్చి, "మీ ఊళ్ళో మట్టి బొమ్మలకి రంగులేసే వాడెవడూ లేడేంటే, నా మొహానికి కాస్త సున్నం కొట్టిద్దాం" అన్నారని అక్క చెప్పి చెప్పి నవ్వేది. అలా మాట్లాడేవారు ఆయన. మాటలు గుర్తున్నాయి. తువ్వాలు గుర్తుంది. గడ పట్టుకున్న చేతుల మీద నరాలు గుర్తున్నాయి.

పోయినేడు వానాకాలంలో వరద కొల్లేట్లోకి దిగింది. పైనుంచి ఏర్లన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. చెరువులేవో కొల్లేరేదో తెలియలేదు. ఊరు ఊరంతా స్కూలు మేడ మీదకెక్కింది. వాన తెరిపిచ్చిన ఒక పొద్దున బావగారు మావులు తెచ్చుకోవడానికి బయల్దేరారు. కొత్తగా అల్లించిన మావులు, అవి కొట్టుకుపోతే వరద తీశాక బతుకే ఉండదు. అక్కకి ఇష్టం లేదు, కానీ ఆయన మేడ మెట్లు దిగేవేళకి లోపల ఎవరికో గంజి పోస్తోంది. పరుగున బయటికొచ్చేసరికి ఆయన దోనెలో ఉన్నారు. గడ అప్పటికే వేశారు. వీపు ఇటుంది.

"నోటిదాకా వచ్చిందిరా. పిలవలేదు. వెనక్కి పిలిస్తే ఏవవుద్దోనని నోరు నొక్కుకున్నాను." తిరిగిరాని ఆయన కోసం వెతికిన మూడు రోజులూ అక్క నాతో అన్నది ఇదొక్కటే. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే చెప్పింది. చివరికి మా అమ్మ చెల్లెలు వచ్చి నోటి మీద చెయ్యి పెట్టి ఆపింది.

మూడో రోజున దొరికారు. వంతెన తూముల దగ్గర గుర్రపుడెక్క గుట్టగా చేరిన చోట. నేనూ వెళ్ళాను. ఊరి మగాళ్ళు నన్ను కూడా దగ్గరికి రానివ్వలేదు. నీళ్ళలో పోయిన మనిషి మొహం ఇంట్లోవాళ్ళకి చూపించకూడదని అక్కడి పద్ధతి, చూపించకపోవడమే దయ అంటారు. అక్క స్కూలు మెట్ల మీంచి పడుతూ లేస్తూ వస్తుంటే, "వద్దమ్మా, చూడకమ్మా, నువ్వు చూసిన మొహవే ఉంచుకో అమ్మా" అని పెద్దాళ్ళు అడ్డం నిలబడ్డారు. తల నుంచి కాళ్ళ దాకా చుట్టేసిన గుడ్డ చూసింది అక్క. ఎత్తుగా ఉన్న గట్టు ఒకటి చూసుకుని అక్కడే చితి పేర్చారు. తడి కట్టెలు అంటుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఆ సాయంత్రమే అక్క నా చెయ్యి పట్టుకుంది. "పెద్దకార్యానికి ఫొటో కావాల్రా. ఆయన మొహం ఒకసారి చూడాల్రా నేను."

"నేను చూసుకుంటానక్కా, నీకెందుకు" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా దగ్గర ఇన్ని ఫొటోలున్నాయి కదా అని అప్పటికి నా ధైర్యం.

గూడెం వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పాత డిస్కులన్నీ తీశాను. వీపు. వీపు. వీపు. పెద్ద సూర్యుడూ చిన్న వీపూ, చిన్న సూర్యుడూ పెద్ద వీపూ. కొన్నిటికి నాకు ఎవరెవరో శభాష్ అన్నారు, ఏలూరులో ఒక హాల్లో గోడకి కూడా వేలాడాయి. ఒక్కొక్కటే నీడని తెల్లబరిచి చూశాను. నలుపులో ఏమీ దాగిలేదు. వెలుగు పడని చోట మొహం ఎక్కడినుంచి వస్తుంది? ఒకే ఒక్క ఫొటోలో గాలికి తువ్వాలు ఎగిరి, దాన్ని అందుకోవడానికి ఆయన కొద్దిగా తల తిప్పారు. ఒక చెవి, దవడ ఎముక, మీసం కొస. అది చూసి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. సంబరపడి, వెంటనే ఏడ్చాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇక ఊరంతా తిరిగాను. ముందు అక్క పెళ్ళి ఆల్బమ్. అది ట్రంకుపెట్టెలో ఉంది, ట్రంకుపెట్టె వరదలో ఉంది. పేజీలన్నీ ఒకదానికొకటి అంటుకుని అట్టలా అయిపోయింది. ఇలాంటివి విడదీయడం నాకు తెలిసిన పనే. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, ఊపిరి బిగబట్టి, అంచు నుంచి లాగాను. కాగితం వచ్చింది, బొమ్మ రాలేదు. తలంబ్రాల ఫొటోలో అక్క పట్టుచీర అంచు, బావగారి చేతిగడియారం మిగిలాయి. మొహాలున్న చోట తెల్లటి మచ్చ. తర్వాత ఊళ్ళోవాళ్ళ ఫోన్లు. వరదలో తడవని ఫోన్లే తక్కువ. ఉన్నవాటిలో ఎవరి పెళ్ళిలోనో బావగారు వంగి సాంబారు వడ్డిస్తున్నారు, నడినెత్తి కనబడుతోంది. ఇంకోదాంట్లో ముందు నిలబడ్డావిడ పూలజడ వెనకాల సగం నుదురు. ఆయన ఫోను బటన్ల ఫోను, అది ఆయనతోనే పోయింది.

ఆధార్ కార్డు ప్రింటు తీయించాను. కార్డు మీద అగ్గిపెట్టె బొమ్మలో సగం కూడా లేని ఫొటో. కళ్ళు సగం మూసి, బుగ్గలు పీక్కుపోయి, మొహమంతా తెల్లటి వెలుగు కొట్టి ఉంది. అక్క చూసి, "ఇదేంట్రా, పోలీసులు పట్టుకొచ్చిన దొంగలా ఉన్నాడు. ఆయన కాదురా" అని పక్కన పెట్టేసింది. పెద్దది చేస్తే గళ్ళగళ్ళుగా విడిపోయింది.

ఊరి పెద్దాయన, "పోనీ ఆ కేలండర్ బొమ్మే పెడదామంటే, మొహం లేని బొమ్మకి బొట్టెక్కడ పెడతామండీ?" అన్నాడు. తప్పుగా అన్లేదు, నిజంగానే అడిగాడు. 

వట్లూరు దగ్గర కలర్ ల్యాబ్ నడిపే ఒకతను ఉన్నాడు. నా ప్రింట్లన్నీ అక్కడే వేయిస్తాను. సంగతి విని, "మీరెందుకండీ అంత బాధపడతారు? ఇప్పుడు యాప్‌లు వచ్చాయి కదండీ. చెవీ దవడా ఉన్నాయి, ఆధార్ ఉంది. మిగతాది అదే వేసేస్తుందండీ" అన్నాడు. మంచివాడు, సాయం చెయ్యాలనే అన్నాడు. రెండూ ఇచ్చి బొత్తాం నొక్కాడు. టీ తాగేలోపు ఒక మొహం వచ్చింది.

చక్కటి మొహం. నున్నటి చర్మం, నిండు మీసం, నవ్వీ నవ్వని పెదాలు. చూడగానే బావగారే అనిపించింది, రెండో చూపుకి కాదనిపించింది, మూడో చూపుకి ఏమీ తెలియలేదు. కళ్ళ దగ్గర తేడా ఉంది. కానీ ఆ కళ్ళు ఎలా ఉండేవో చెప్పమంటే నాకు గుర్తు రాలేదు. "కనుబొమ మీద గాటు ఉండేదండీ, గడ తగిలి" అన్నాను. "ఏ పక్కండీ?" అన్నాడు. నేను నా కనుబొమలు రెండూ తడిమి చూసుకుని ఎడమ అన్నాను. అక్కకి ఫోను చేసి అడిగితే, "కుడి అనుకుంటా" అంది, మళ్ళీ తనే, "నాకెదురుగా కూర్చుంటే ఎటుండేదో చూసుకోవాలి" అంది. ఎదురుగా కూర్చునే మనిషి ఉంటే కదా చూసుకోవడానికి. ఎడమ పక్కనే గీసేశాం. తెల్లచొక్కా తొడిగాం. వెనకాల నీలం రంగు పెట్టాం.

పెద్దకార్యం రోజున ఆ ఫ్రేము కుర్చీలో పెట్టి బంతిపూల దండ వేశారు. వచ్చినవాళ్ళందరూ నా భుజం తట్టారు. "అచ్చం అతనేనండీ. లేచొచ్చినట్టున్నాడు" అన్నారు. నా కౌంటరు దగ్గర అందరూ అనే మాటే. అక్క మాత్రం తేరిపార ఒకసారి చూసి తల దించుకుంది. దుఃఖంలో చూడలేకపోతోందని అందరూ అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. అనుకోవాలని గట్టిగా అనుకున్నాను.

తర్వాత అక్కని గూడెం వచ్చెయ్యమన్నాం. రాలేదు. వరద తీసిన ఇంటిని కడుక్కుని, గోడకి మళ్ళీ సున్నం వేసుకుని అక్కడే ఉంది. చేపలు ఎండబెట్టే చోట కూలికి పోతోంది. నేను మొదట్లో పదే పదే వెళ్ళేవాణ్ణి, ఆ తర్వాత తగ్గించాను. ఆ ఇంట్లో కూర్చుంటే ఫ్రేములోని మనిషి నా వైపే చూస్తుంటాడు. ఆయన్ని చూస్తే నాకు నా పనితనం కనబడేది, ఆ చొక్కా మెడ దగ్గర అతుకు కూడా కనబడేది. కెమెరా ముట్టుకోవడం మానేశాను, షాపులో తప్ప. ఇంకా పాడు సంగతేమిటంటే, బావగారిని తల్చుకుందామని కళ్ళు మూసుకుంటే ఆ ఫ్రేములోని మనిషే వచ్చి, "మీ అక్కని తియ్యవోయ్" అనడం మొదలుపెట్టాడు. మాట ఆయనదే. మొహం యాప్‌ది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే మాట ఎన్నిసార్లు విన్నాను, ఎన్నిసార్లు నవ్వాను. ఇలాంటిదని తెలియదు.

ఈ మధ్య సంవత్సరీకానికి వెళ్ళాను. ముందురోజు సాయంత్రమే రమ్మని, కెమెరా తెచ్చుకోమని అక్క ఫోను చేసి చెప్పింది. కార్యం ఫొటోలకేమో అనుకున్నాను. తెల్లారకముందే అక్కే నన్ను లేపింది. తలస్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, జుట్టు బిగించి ముడి వేసుకుని ఉంది. దేవుడి గూట్లో దీపం, దాని పక్కన ఫ్రేము ముందు ఇంకో దీపం వెలుగుతున్నాయి.

"ఈ ఫొటో ఎవరిదిరా?" అంది.

నేను ఫ్రేము వైపు చూశాను. "అదేంటక్కా..."

"నిన్నేవీ అనట్లేదురా. నీకు చేతనైంది చేశావు. ఆయన కాదని మొదటి రోజే తెలుసు నాకు. అందరూ అతనే, అతనే అంటుంటే ఊరుకున్నాను. పోన్లే, ఆయన పేరున ఎవరో ఒకరు అనుకున్నాను. ఏడాది నుంచీ పొద్దునా సాయంత్రం ఎవరికో దీపం పెడుతున్నానురా." గొంతు మామూలుగానే ఉంది, కూర వండటం గురించి చెబుతున్నట్టు. "అది కూడా ఫర్లేదు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే వీడే వస్తున్నాడు. గాటు కూడా ఎడం పక్కే ఉండేదేమో అనిపిస్తోంది, చూసి చూసి. నువ్వు చూసిన మొహవే ఉంచుకోమన్నారు ఆ రోజు. ఉంచుకోలేకపోయానురా."

 నాకు కూడా వీడే వస్తున్నాడక్కా అని చెప్పలేదు. ఆయన మొహం అందరికన్నా బాగా గుర్తుండాల్సినవాళ్ళం మేమిద్దరమే, మా ఇద్దరి దగ్గరా లేదు.

"పద, రేవుకి" అంది.

రేవులో మంచు అలాగే ఉంది. కొంగలు అలాగే లేస్తున్నాయి. నాకు అంతా అసహ్యంగా అనిపించింది, ఆ ఎరుపు, ఆ నీళ్ళు, ఇన్నేళ్ళు వాటిని చూసి మురిసిపోయిన నేను. మగాళ్ళు గడలు పట్టుకుని దిగుతున్నారు. అక్కని చూసి పక్కకి తప్పుకుని, మాట్లాడకుండా తాళ్ళు విప్పుకున్నారు. మొగుడు పోయిన మనిషి ఆ వేళప్పుడు రేవుకి రాకూడదు, అది అక్కకి తెలుసు, వాళ్ళకీ తెలుసు. 

అక్క నీళ్ళ అంచున నిలబడి తూర్పుకి తిరిగింది. నన్ను భుజం పట్టి తన ఎదురుగా, నీళ్ళలోకి దింపింది. మోకాళ్ళ దాకా మునిగాను. సూర్యుడు నా వీపు వెనక ఉన్నాడు. ఆ రేవులో సూర్యుడికి వీపు పెట్టి నేను కెమెరా ఎత్తడం అదే మొదలు.

"నన్ను తియ్యి" అంది. "ఎండ మొహం మీద పడుద్దిలే ఇలా నిలబడితే. చెవులూ, కళ్ళూ, పుట్టుమచ్చా, అన్నీ పడేట్టు తియ్యి. తీసి దాచు. రేపు నాక్కూడా ఎవరి మొహవో తగిలించకుండా."

 కెమెరాలోంచి చూశాను. ఎర్రటి ఎండ అక్క మొహం మీద పరుచుకుంది. కళ్ళ కింద నలుపు, బుగ్గ మీద ఉప్పు చారలు, పై పెదవి మీద పుట్టుమచ్చ. పనికిరాదనుకున్న వెలుగు ఇంత చెబుతుందా అనిపించింది. ఏళ్ళ తరబడి పొద్దు వాలాక ఆ ఒడ్డుకి ఎదురుగా వచ్చిన మనిషి మొహం మీద పడ్డ ఎండ ఇలాంటిదే. నేను అప్పుడు గూడెంలో కౌంటరు దగ్గర ఉండేవాణ్ణి.

నా వెనకాల దోనెలు కదిలిన చప్పుడు వినబడింది. గడలు నీళ్ళలో పడుతున్నాయి, ఒకటి తర్వాత ఒకటి. అక్క చూపు నా మీంచి జరిగి, నా భుజం మీదుగా వాళ్ళ వెంట వెళ్ళింది. బొత్తాం నొక్కాను.

గూడెం వచ్చి దాన్ని పెద్దది చేసి చూశాను. అన్నీ పడ్డాయి. చెవులు, కళ్ళు, పుట్టుమచ్చ. పెదాలు మాత్రం కొద్దిగా విడివడి ఉన్నాయి, మాట అప్పుడే నోటిదాకా వచ్చినట్టు. ఆ ఒడ్డున నిలబడి, తూర్పుకి పోతున్న వీపుల్ని చూస్తూ, ఎవర్నో పిలవబోతున్నట్టు ఉంది అక్క. ఏడాది ఆలస్యంగా.

దినానికి పనికొచ్చే ఫొటో కాదది. నోరు మూసి ఉండాలి, చూపు నేరుగా ఉండాలి. ప్రింటు పంపితే చూసి, ఇంకోటి తీద్దాం రమ్మని అక్క ఫోను చేసినప్పుడల్లా అడుగుతోంది. నోరు మూసుకున్న అక్కని తియ్యడానికి నేను వెళ్ళట్లేదు.